ఎనిమిది చిల్లులు

ట్రాలీ ఆటోలో పట్టక
మూడు మూరల పసుపు ముక్కు బయటపెట్టుకుని
కాన్వెంట్ జంక్షన్ నుంచి వచ్చింది నా కయాక్.
ఇనప చువ్వల లారీకి కట్టినట్టు
దాని కొసకి మా ఇంటి ఎర్ర తువ్వాలు.

అప్పుడప్పుడే తెలవారుతోంది.
పెదజాలారిపేట ఇసకలో దింపితే
ముందు ఒక కుక్క వచ్చి వాసన చూసింది.
తర్వాత, వల దులుపుకుంటున్న దానయ్య.

"ఏటిది బాబూ, నీళ్ల ట్యాంకు మూతా?"

చెప్పాను. చేపలు పట్టే కయాకని,
పన్నెండు వాయిదాల మీద కొన్నానని,
గేలపు కర్ర నిలబడ్డానికి గొట్టాలున్నాయని,
కుర్చీకి నడుం పట్టీ కూడా ఉందని.
ఆయన ఒక్కోదాంట్లో వేలు పెట్టి
చిల్లులు లెక్కపెట్టాడు.
"ఎనిమిది. కింద ఇసక కనపడతంది.
నిన్ను మోసం సేసీసినారు."

పంతొమ్మిదేళ్లుగా నేను
ఔటర్ హార్బర్లో క్రేన్ క్యాబిన్లో కూర్చుని
కాళ్ల కింది గాజులోంచి సముద్రాన్ని చూస్తున్నాను.
నలభై మీటర్ల కింద అది ఎప్పుడూ
ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది.
దాని ఉప్పు గాజు మీద పేరుకుంటే తుడిచానే గాని
నాలుక మీద వేసుకున్నది లేదు.

ఇవాళ వేసుకున్నాను.
మొదటి కెరటం పక్కనుంచి వచ్చి
దోసె తిరగేసినట్టు తిరగేసింది.
ముక్కులో, చెవిలో, బనీనులో ఇసక.
గేలాల డబ్బా మూత ఊడి
కొక్కేలన్నీ సముద్రానికి జమ.

ఒడ్డు నుంచి దానయ్య అరుపు:
"కెరటానికి ముక్కు సూపించాల,
సెంప సూపించకూడదు.
సెంప సూపిత్తే ఎవుడైనా కొట్టెత్తాడు!"

రెండోసారి ముక్కు చూపించాను.
అది లేచింది, నేను లేచాను,
ఒక్క క్షణం ఆకాశం తప్ప ఇంకేం లేదు.
దభీమని పడ్డాక, అవతల
ఎవరో తలుపు మూసినట్టు నిశ్శబ్దం.

అప్పుడు మడమల దగ్గర నీళ్లు ఉబికాయి.
ఎనిమిది చిల్లులూ ఒకేసారి గుర్తొచ్చాయి.
లైఫ్ జాకెట్ పట్టీ గట్టిగా పట్టుకుని
మునగడం కోసం ఎదురుచూశాను.
వచ్చిన నీళ్లు వచ్చిన దారినే దిగిపోయాయి.
మళ్లీ వచ్చాయి, మళ్లీ పోయాయి,
కబురు పెట్టకుండా వచ్చి
చెప్పకుండా వెళ్లిపోయే మా చిన్నత్తలా.

దక్షిణాన డాల్ఫిన్ నోస్ పక్కన
మెడ చాచిన కొంగ: నా క్రేన్.
ఈ షిఫ్టులో సింహాద్రి ఉంటాడు పైన.
వాడి చొక్కా మీద ఇప్పుడు
నేనొక పసుపు మరకని.

జేబులో మిగిలిన ఒకే ఒక్క కొక్కేనికి
రొయ్య గుచ్చి వదిలాను. లాగింది.
వేలెడంత పార పిల్ల.
గుడ్లప్పగించి నన్ను చూసింది.
మా ఇద్దరిలో ఇక్కడికి కొత్తెవరో
దానికి తెలిసిపోయింది. వదిలేశాను.

ఒడ్డుకొచ్చాక దానయ్య వంగి
చిల్లుల్లోంచి కారిపోతున్న నీళ్లనే చూశాడు చాలాసేపు.
"మా తెప్పా ఇంతే.
దుంగల మజ్జిన సందులు. నీరొచ్చీది, పోయీది.
మునగడానికి దానికి లోపలంటూ ఉంటే గదా."

ఆ తెప్ప ఏమైందన్నాను.
"హుదూదుకి పోనాది" అన్నాడు,
బస్సులో గొడుగు మర్చిపోయినట్టు.

ఇంక నన్నేమీ అడగలేదు.
కుర్చీ పట్టీలు విప్పి ఇసకలో పెట్టాడు.
లుంగీ ఎగ్గట్టి మోకాళ్ల మీద కూర్చుని
రెండు రెక్కల తెడ్డుని ఒక రెక్కతోనే వేస్తూ
మూడు కెరటాలు దాటేశాడు.
ముక్కూ చూపించలేదు, చెంపా చూపించలేదు.
అవే తప్పుకున్నట్టున్నాయి.

ఎండెక్కింది.
నేను నా కుర్చీలోనే కూర్చున్నాను, ఇసకలో,
నడుం పట్టీ బిగించుకుని.
పక్కన కుక్క.
పసుపు చుక్క చిన్నదవుతూనే ఉంది.

మొదటి వాయిదా ఐదో తారీకున.