హాజరు

తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
పౌరశాస్త్రానికి ఎప్పుడూ భోజనం తర్వాతి పీరియడే.
పొద్దుటి పూట లెక్కల మేష్టారిది.
కిటికీ అవతల రొయ్యల చెరువులో
ఏరేటర్లు నీళ్లని చితకబాదుతుంటాయి,
నా గొంతు వాటిని దాటి వెళ్లాలి.

"గ్రామసభ అంటే ఎవర్రా?"
"ప్రెసిడెంటు గారండి," అన్నాడు పితాని గణపతి.
"కాదండి, సెక్రటరీ గారు," వెనక బెంచీ.
ఊళ్లో ఓటున్న ప్రతి ఒక్కరూ, అని బోర్డు మీద రాశాను.
రాసుకున్నారు.
పరీక్షలో వస్తుందని కింద గీత గీసుకున్నారు.
ఆ రోజుకి అంతే.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు.
మంచినీళ్ల చెరువు మోకాలి లోతుకి దిగింది.
వంట చేసే అచ్చియమ్మ గరిటెతో సహా
క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.
"పప్పు ఉడకట్లేదండి. ఉప్పు వెయ్యకుండానే ఉప్పండి."
మంచినీళ్ల చెరువు గట్టునానుకుని
రొయ్యల చెరువు తవ్వడానికి ఎవరు ఒప్పుకున్నారు?
"ఊరు ఒప్పుకుందంటండి," అంది కరుణజ్యోతి.
ఊరంటే ఎవరో
తొమ్మిదో తరగతి నోట్సులో ఉంది,
కింద గీతతో.

అర్జీ వాళ్లే రాశారు.
మొదటి ప్రతిలో 'మహారాజశ్రీ' ఉంటే కొట్టించాను.
రెండో ప్రతిలో 'తమ పాదాలకు నమస్కరించి'.
"అడగడంరా ఇది, అడుక్కోవడం కాదు."
"మధ్యలో ఒక్క 'క్కో'నే కదండీ తేడా," అని
గణపతి నవ్వించాడు అందర్నీ.
మా నాన్న ఆ 'క్కో'తోనే బతికాడు,
కరణం గారి అరుగు కింద, తువ్వాలు చంకలో పెట్టుకుని.
ఆ సంగతి పిల్లలకి చెప్పలేదు.
మూడో ప్రతికి నాలుగు వాక్యాలు మిగిలాయి.
పంచాయతీలో సమాచారం అడగడానికి రుసుము లేదని తెలిసి
పోగేసిన పది రూపాయలకి జీళ్లు కొనుక్కున్నారు.

ముప్పై రోజులంది చట్టం.
వేసవి సెలవులూ, తొలకరీ కలుపుకుని
అరవై ఏడో రోజున వచ్చింది కవరు.
మసక జిరాక్సు.
తీర్మానం ఏకగ్రీవం.
హాజరైనవారు నూట పద్దెనిమిది మంది.
మూడు పేజీల నిండా సంతకాలు, వేలిముద్రలు.
ఫలితాల్లో నంబర్లు వెతుక్కున్నట్టు
ఇంటి పేర్లు వెతుక్కున్నారు.
"సార్, మా తాత! అప్పటికే పోయాడు కదండీ!"
ఒకరిద్దరు నవ్వారు.

డెబ్భై నాలుగు. నేలపూడి మార్తమ్మ. వేలిముద్ర.
ఆ వరస మీద వేలు పెట్టి కదల్లేదు కరుణజ్యోతి.
"మా అమ్మ నాలుగేళ్లుగా మస్కట్‌లో ఉందండి."
మామూలుగానే అంది.
కాసేపాగి,
"మా అమ్మకి సంతకం వచ్చండి," అంది.
ఈసారి గొంతు పగిలింది.

నేనూ ఈ ఊరి ఓటర్నే.
పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న పాఠం,
ఒక్కసారీ ఆ సభకి వెళ్లి కూర్చోలేదు.
వెతికాను.
నూట రెండో వరసలో నా పేరు, పక్కన నా సంతకం.
దొంగది అయితే బాగుండేది.
ఆ చివరి వంకర నాదే.
స్టాఫ్ రూములో టీ గ్లాసు ఒక చేత్తో,
ఎవరో తెచ్చిన రిజిస్టరు, ఏదో సర్వే అనుకుని...
"ఇది నేను పెట్టిందేనర్రా," అన్నాను.
ఏరేటర్లు తప్ప ఎవరూ మాట్లాడలేదు.
గణపతి కూడా.

మర్నాడు ఫస్టు పీరియడ్ లెక్కల మేష్టార్ని అడిగి తీసుకున్నాను.
నా సంతకం చెల్లదని, ఆ సభలో నేను లేనని,
తీర్మానం మళ్లీ సభ ముందు పెట్టాలని
ఒక అర్జీ రాసి బల్ల మీద పెట్టాను, చదవమని.
కరుణజ్యోతి చదివింది.
నా జేబులోంచే ఎర్ర పెన్ను అడిగి తీసుకుని
పై వరస కొట్టేసింది.

చూసుకుంటే,
'మహారాజశ్రీ' అని ఉంది
నా చేతిరాతలోనే.