మొగోని దెబ్బ

దేవరకొండ బడిల బ్యాండు పంచిననాడు
పీఈటీ సారు మా ఎత్తులు సూడలే.
పెద్ద డ్రమ్ము నా మెడకేసిండు,
శివలీల చేతుల ఫ్లూటు వెట్టిండు.
"బరువురా, ఆడివిల్లలు మొయ్యలేరు."

రెండు బిందెలు నెత్తిన, ఒకటి సంకన
ట్యాంకరు కాడి నుంచి తెచ్చే పిల్ల
నవ్వలే, ఏమనలే.

నాకేమో డ్రమ్ము మోగితే
పక్కబొక్కలల్ల పిట్ట బెదిరేది.
ఫ్లూటు అడిగితే సోపతిగాళ్లు
"సైదమ్మా" అని పిలుస్తరని
సప్పుడు జెయ్యక కొట్టిన.

జెండా పండుగకు మూడొద్దుల ముంగట
వంటశాల ఎనుక మార్చుకున్నం.
బెల్టు ఆమె భుజానికి సరిగ్గ కూసుంది.
నా వేళ్లు బెజ్జాలు ఎతుక్కున్నయి.

గోడ అవతల సారు గొంతు:
"శభాష్ సైదులూ!
గిదిరా మొగోని దెబ్బంటే!"

శివలీల ఇంకోటి ఏసింది.
పప్పుగిన్నె మూత గజగజ వణికింది.
నేను ఊదుతనే ఉన్న.