కింది అంచున

ముసఫ్ఫాలో, వర్క్‌షాపుల వెనక సందులో
మా టైపింగ్ సెంటర్‌కి ఒకటే కిటికీ,
దాన్నీ ఏసీ మింగేసింది.
కంప్యూటర్ నాకంటే ముందు వచ్చింది ఈ దేశానికి.
పొద్దున మీట నొక్కితే
భూమన్న చాయ్ తెచ్చి, అది చల్లారి, మీగడ కట్టేదాకా
తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది.

కొత్తది కొనమంటే
రంజాన్ అయ్యాక చూద్దామన్నాడు ఇక్కా.
ఏ రంజానో చెప్పలేదు.

శుక్రవారం షట్టర్ సగం దించి
పాతదంతా తుడిచేసి లినక్స్ ఎక్కించాను.
దాంతోపాటు వచ్చిన హంగులు,
నీడలు, జారే తలుపులు, ఎండెంతో చెప్పే బొమ్మ
(బయట నలభై ఏడని నాకు తెలీదా!)
ఒక్కొక్కటే ఊడబీకితే
మిగిలింది బోసి తెర.
దాని కింది అంచున
చీర అంచంత సన్నంగా ఒక పట్టీ చాలు.
వేలు పెడితే పని లేవాలి, అంతే.

పట్టీ అంటే ఏముంది, ఒక ఫైలు,
అందులో ఓ నలభై వరుసలు.
ఎత్తు ఇంత. వెడల్పు ఇంత. బొమ్మకీ బొమ్మకీ ఎడం ఇంత.
ఒక్క వరుస తప్పిందా
పట్టీ రాదు. ఎందుకు రాలేదో చెప్పదు.
వీసా తిప్పి పంపేవాళ్ళు చెబుతారా?
మూడుసార్లు రాలేదు.
నాలుగోసారి వచ్చి, తెర పైన
గబ్బిలంలా వేలాడింది.

ఏం పెట్టాలి అందులో?
ఫారాలకు బ్రౌజర్, స్కానర్, ప్రింటర్,
లెక్కల పెట్టె, అరబ్బీ కీబోర్డు.
రోజూ నా చేయి పోయేది ఈ ఐదింటి దగ్గరికేనని
ఆరేళ్ళకు తెలిసింది.

"ఏది ఏందో నాకెట్ల ఎరుకైతది బిడ్డా?"
వెనక భూమన్న.
నాది రాయచోటి, ఆయనది నిర్మల్ పక్కన పల్లె.
అక్షరం రాదు. పద్దెనిమిదేళ్ళుగా పాస్‌పోర్టులు
రంగు చూసి, అరచేతిలో బరువు చూసి
ఎవరిది వాళ్ళకిస్తాడు. ఒక్కటీ తప్పలేదు.

పేర్లు తీసేసి బొమ్మలు నేనే గీశాను.
స్కానర్‌కి కన్ను.
ప్రింటర్‌కి నాలుక చాపిన నోరు, అది ఆయన చెప్పిందే.
లెక్కలకు తక్కెడ. ఫారాలకు గడప.
అరబ్బీకి ఏం తోచక ఖర్జూరం గీస్తే
"ఈతపండు" అన్నాడు.
సరే, ఈతపండే.

ఇంకొక్క పని.
మీట నొక్కగానే పట్టీ తనంతట తాను లేవాలంటే
ఇంకో ఫైలులో ఒక వరుస రాసి
చివర ముడి లాంటి గుర్తు పెట్టాలి.
అది లేకపోతే
ఈ పట్టీ ముగిసేదాకా కంప్యూటర్ అక్కడే నిలబడుతుంది.
ఉంటే, నీ పాటికి నువ్వు నడువు,
మిగతావి నేను చూసుకుంటాననడం.

అదేందన్నాడు. చెప్పాను.
ఖాళీ గ్లాసులు వేళ్ళకు తగిలించుకుని
వాకిట్లో ఆగాడు.
"నేను బస్సెక్కిననాడు మా రాజవ్వ గిదే పెట్టింది.
ఏడ్వలే.
చాట ముందటేసుకొని బీడీలు చుట్టుడు షురూ జేసింది."

నేను ముడి పెట్టి, ఫైలు మూశాను.

సోమవారం మీట నొక్కితే
చాయ్ ఇంకా పొగలు కక్కుతుండగానే పట్టీ వచ్చేసింది.
మూలన గడియారం మాత్రం గంటన్నర ముందుంది.
అలవాటున ఇండియా టైమే పెట్టేసినట్టున్నాను.
మార్చాలి.

బుధవారం నాకు జ్వరం.
పదకొండింటికి భూమన్న ఫోను,
గొంతులో ఎన్నడూ లేని హుషారు:
"పొద్దుగాల సంది పదిమందికి కన్ను గొట్టిన బిడ్డా!"
వెనకాల ఎవరో నవ్వుతున్నారు,
ప్రింటర్ నాలుక చాపుతున్న చప్పుడు.