ఒక కాలు నేల మీద

డెనిస్ ఆక్స్‌టోబీ పరుగెత్తేది కాదు, నడిచేది.
పది కిలోమీటర్ల పందెం.
ముందు కాలు నేలను ముట్టాకే వెనక కాలు లేవాలి.
రెండూ ఒక్క క్షణం గాల్లో ఉంటే ఎర్ర కార్డు.
మూడు కార్డులైతే ఇంటికి.

ఇదంతా నాకు చెప్పింది హల్ ఊళ్ళో,
కౌన్సిల్ వాళ్ళ పాత కారులో,
చిప్స్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని,
అద్దాలకు వెనిగర్ ఆవిరి పట్టిన మధ్యాహ్నం.
పిల్లల సంరక్షణ విభాగంలో
ఆమె వెనకాల తిరిగి పని నేర్చుకుంటున్నానప్పుడు.
"పతకాలా? మా చెల్లెలింట్లో ఉండాలి.
ఓడిపోయిన రోజు మాత్రం నా దగ్గరే ఉంది."

స్టేడియం గేటు కనపడుతోందట. మూడో స్థానం.
టోపీ పెట్టుకున్న పెద్దమనిషొకడు
మర్యాదగా, చాలా మర్యాదగా
ఆమె ముందు ఎర్ర పలక ఎత్తాడు.
"నా కాళ్ళు ఎగిరినట్టు నాకు తెలీలేదమ్మాయ్.
నిజంగా తెలీలేదు.
ఇప్పుడు బిడ్డ వీపు మీద వాతలు చూపిస్తే
తల్లి కూడా నాతో అదే మాటంటుంది.
నమ్మను.
పూర్తిగా వింటాను."

ఏడో అంతస్తు. లిఫ్ట్ ఎప్పట్లాగే చెడింది.
కొత్తగా మార్చిన తుంటి కీలుతో
మెట్టు మెట్టుకీ ఒక బూతు మాట.
తలుపు తీయరు.
తీయకపోతే 'మీరు లేనప్పుడు వచ్చాం' అనే కార్డు
సందులోంచి తోసి వెళ్ళమని ఆఫీసు నియమం.
ఆమె సంచిలో కట్టలు కట్టలుగా ఉండేవి, రబ్బరు బ్యాండు కూడా విప్పనివి.
"నా చేత్తో ఎవరికీ కార్డు ఇవ్వను" అని
మెట్ల మీద కూలబడేది.
యాభై నిమిషాలకు ఉత్తరాల సందు పైకి లేచేది,
అందులో రెండు కళ్ళు.

కోరీ సంగతి చెప్పాలి.
పదమూడేళ్ళు. పెంపుడింట్లోంచి వెళ్ళిపోయాడని
నవంబరు రాత్రి పదకొండింటికి ఫోను.
హంబర్ ఒడ్డున, వంతెన దారిలో, చలికోటు లేకుండా
కనపడ్డాడు.
నేను కారు దిగి పరుగెత్తబోతే
నా చొక్కా చెయ్యి పట్టి లాగింది.
"నువ్వు పరుగెడితే వాడూ పరుగెడతాడు."

పరుగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్ళు తాగమంటుంది మా సామెత.
నడిచేవాళ్ళు ఏం తాగాలో చెప్పలేదు.

ఆమె నడిచింది.
మోచేతులు మడిచి, తుంటి విసురుతూ, బాతులా, రాణిలా,
అరవై దాటిన ఆడమనిషి అర్ధరాత్రి.
వాడు వేగం పెంచితే పెంచింది.
తగ్గిస్తే తగ్గించింది.
పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో,
చెయ్యి మాత్రం చాపకుండా.
నేను మొదటి గేరులో వెనకాలే, పసుపు లైట్లు మిణుకుమనిపించుకుంటూ.

వంతెన దీపాల కింద వాడే ఆగాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టి.
"ఏంటా నడక? పిచ్చా?"
"మడమ ముందు. తర్వాత వేళ్ళు. చూడు."
ఖాళీ కార్ పార్కులో ఇద్దరూ రెండు చుట్లు తిరిగారు.
"ఎగిరింది! నీ కాలెగిరింది!" అని
వాడే ఆమెకు తీర్పు చెప్పాడు.
ఆమె ఒప్పుకుంది.

వాడు బాగుపడ్డాడని రాయాలనుంది.
మార్చిలో వాణ్ణి లీడ్స్‌కు పంపారు, ఫైలూ వెంటే పోయింది.
ఈ పనిలో ముగింపు గీత ఎవరూ గీయరు.

పోయినేడు డెనిస్‌కు కేకు కోసి వీడ్కోలిచ్చాం.
ఇవాళ వాన. అదే ఏడో అంతస్తు, వేరే తలుపు.
మూడుసార్లు కొట్టాను.
కార్డు సగం బయటికి తీశాను కూడా.
ఎందుకో నా కాళ్ళ వంక చూసుకున్నాను,
వెళ్ళిపోవడానికి ఒకటి అప్పటికే లేచి ఉంది.

దించాను.
తడి మెట్టు మీద కూర్చున్నాను.
లోపల టీవీ గొంతు
కొంచెం తగ్గింది.