మూడు వందల అయిదో అర

టొలీడోలో మామీ నది గడ్డకట్టిన జనవరి.
లైబ్రరీ మూసే ముందు గంట నాది:
జనం బల్లల మీద వదిలేసిన పుస్తకాల్ని
తోపుడుబండిలో వేసుకుని
ఎవరింట్లో వాళ్లని దిగబెట్టి రావడం.

ఆ రాత్రి బండి అడుగున మా పెద్దమ్మ దొరికింది.
ఓర్లెటా టిడ్‌వెల్. ఒక్క పుస్తకం రాసి పోయింది.
అట్ట మీద పేరు సగం చెరిగింది,
వెన్ను మీద అంకె మాత్రం చెక్కుచెదరలేదు:
మూడు వందల అయిదు.
సమాజశాస్త్రం. జాతులు, సమస్యలు.

ఇంతకీ ఏం రాసిందని?
ఆదివారం పొద్దున పొయ్యి మీద ఇనుప దువ్వెన కాగుతుంటే
చెవి మడిచి పట్టుకుని
ఊపిరి బిగబట్టి కూచోవడం గురించి రాసింది.
బీన్స్ కుండలో ఉప్పు ఎప్పుడు పడాలన్నదాని మీద
పదకొండు పేజీలు, ఎక్కడా పేరా విరగకుండా.
వాళ్లమ్మ జిప్పోరా నోట మెదిలే ఒక క్రియ గురించి రాసింది.
నాన్న పనిలో ఉండును, అనేదట ఆమె.
ఇప్పుడని కాదు, నిన్ననీ కాదు,
నీరు పల్లమెరిగినట్టు
నాన్న పనిలో ఉండును.
తద్ధర్మం.

బడిలో ఆ క్రియ మీద ఎర్రసిరా గీత పడింది.
గీత కింద నుంచి కూడా అమ్మ వినబడుతూనే ఉంది,
అని రాసింది పెద్దమ్మ.

మహావ్యాసాల సంకలనం వేసే పెద్దాయన
ఒకసారి ఉత్తరం రాశాడట:
మీ బాధ గొప్పది. వ్యాకరణం ఒక్కటే కాస్త సరిచేద్దాం.
చివరి భాగంలో, మీవాళ్ల పక్కనే చోటుంచాం.
పెద్దమ్మ పోస్టుకార్డు మీద రెండు ముక్కలు పంపింది:
నేను బాధ పంపలేదండీ.
బీన్స్ పంపాను.

మూడు వరసలు దాటితే కిటికీ పక్కన
ఎనిమిది వందల పద్నాలుగు. వ్యాసాలు.
అక్కడి పెద్దమనుషులు
తమ చెప్పుల గురించి, మధ్యాహ్నపు కునుకుల గురించి,
పొద్దస్తమానం గాలం వేసినా చేప పడకపోవడం గురించి
తీరిగ్గా రాసుకున్నారు.
అవి ఏ జాతి చెప్పులని
వాళ్లనెవరూ అడగలేదు.

ఆ సందులోకి తోశాను ఆమెని.
అటొకరు ఇటొకరు తోలు అట్టలవాళ్లు,
మధ్యలో ఇరుక్కుని కూచుంది పెద్దమ్మ,
చివరికి బస్సులో సీటు దొరికినట్టు.
పదకొండు రాత్రులు వెళ్లి చూశాను.
ఎవరూ లేపలేదు.
నాలో నేనే ఈల వేసుకున్నాను.

పన్నెండో రోజు ఒక పిల్ల వచ్చింది,
నర్సు దుస్తుల మీద కోటు, చేతిలో చీటీ.
మూడు వందల అయిదు దగ్గర నిలబడి వెతికింది,
వంగి వెతికింది,
మోకాళ్ల మీద కూచుని అడుగు అరలో కూడా వెతికింది.
పోయినట్టుందమ్మా, అన్నారట కౌంటర్లో.
నేను సూపు తాగి వచ్చేసరికి
చెత్తబుట్టలో చీటీ ఉంది,
మా పెద్దమ్మ పేరు, పక్కనే ఆ అంకె.
పిల్ల లేదు.
బయట మంచులో అడుగులు బస్టాపు దాకా ఉన్నాయి.

పీట వేసి కూచోబెడదామని పోయి
మనిషినే మాయం చేశానన్నమాట.

తిరిగి పాత చోట పెట్టడానికి చెయ్యి రాలేదు.
ఇవాళ చెప్పుల డబ్బా మూత కోసి
ఆమె వదిలిన సందులో అట్టముక్క నిలబెట్టాను.
ఏం రాయాలో చాలాసేపు తోచలేదు.
పుస్తకం ఇక్కడ లేదు, అని రాసి కొట్టేశాను.
స్థానం మార్చబడినది, అని రాసి అదీ కొట్టేశాను.
ఆఖరికి అమ్మమ్మ క్రియని అరువు తెచ్చుకున్నాను:

ఓర్లెటా కిటికీ దగ్గర ఉండును.

మిస్ హోల్కంబ్ వచ్చి చదివింది. రెండుసార్లు చదివింది.
ఆమె ఎర్ర పెన్ను జేబులోనే ఉంది,
ఇంకా తియ్యలేదు.