నూటికి నలభై నాలుగు

బక్స్‌టన్‌లో వాన పడుతోందని చెప్పడం దండగ,
ఎప్పుడు ఆగిందో చెబితే వార్త.
మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే
కొండని ఎవరో కొరికి వదిలేసినట్టు
తెల్లగా సున్నపురాతి క్వారీ.

నా ముందు రెండు నిలువు గళ్లు.
ఎడమది బ్రిటన్, కుడిది ఇండియా.
బొగ్గు పొగ ఇందులో కలపకూడదు, దానికి వేరే పట్టిక.
ఇది రాయి వదిలే ఊపిరి మాత్రమే.
రేపు ఎండతోనో గాలితోనో బట్టీ వెలిగించినా
రాయి కాలితే రాయిలోంచి వచ్చి తీరేది.

నూరు కిలోల సున్నపురాయిని కాలిస్తే
యాభై ఆరు కిలోల సున్నం
నలభై నాలుగు కిలోల గాలి.
ఈ లెక్కని ఏ పార్లమెంటూ ఆమోదించలేదు.
డార్బీషైర్‌లో అంతే, పల్నాడులో అంతే.

"ఎవరు నయమో ఒక్క వాక్యంలో రాసివ్వు చాలు"
అని వెళ్లిపోయాడు ప్రెస్కాట్.
టీ ఎలా కావాలో కూడా
ఒక్క వాక్యంలో చెప్పలేను నేను.

మొత్తం చూస్తే మనవాళ్ల గడి గోపురమంత.
"మనవాళ్ల" అని టైపు చేసి చెరిపేశాను,
పట్టికలో మనవాళ్లుండరు.
తలకింతని భాగిస్తే ఆ గోపురమే కుంగి కుంగి
పక్కగడి భుజానికి భుజం తగిలే ఎత్తుకొస్తుంది.
ఏ ఏడాది నుంచి కూడుతూ రావాలో
నన్నెవరూ అడగలేదు.

క్లిఫర్డ్ ఓలరెన్‌షా ముప్పై ఒక్కేళ్లు
మంట రంగు చూసే వేడి చెప్పినవాడు.
అతని రెండో బట్టీ ఆర్పిన ఏడు
ఎడమ గడి దిగింది.
పచ్చబాణం వేశాం, కేకు కోశాం.
అతను కేకు తినలేదు.
మరుసటి నెల రేవులో ఓడ ఆగింది
కడుపునిండా బూడిదరంగు గోళీలు, ఎవరో కాల్చి పంపిన క్లింకర్.
ఒకటి జేబులో వేసుకొచ్చి నా బల్లమీద పెట్టి
"ఇదెవరి గడిలో?" అన్నాడు.
కాల్చినవాళ్ల గడిలో.
"మరి కట్టుకునేవాళ్ల గడి?"
ఆ గడి గీయలేదు.

తిలాపాపం తలా పిడికెడంటారు మావైపు.
పంచుకోను కూర్చున్నవాళ్ల పిడికిళ్లే
ఒక్క సైజులో లేవు.

మాచర్ల దాటాక ఒక ఫ్యాక్టరీ ల్యాబులో
నాగమల్లేశ్వరికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పది.
ఆమె వెనక బట్టీ తిరుగుతున్న రొద.
"మా రాయిలో మెగ్నీషియా ఉంది తల్లీ,
ప్రతి నమూనాకీ అంకె మారుద్ది.
ఆడ కూచుని కాకిలెక్కలు కట్టమాకండి.
బూడిద కలిపి క్లింకర్ ఎంత తగ్గించామో
అది రాశారా?"
రాశాను, ఫుట్‌నోట్‌లో.
"ఓహో, కాళ్లకాడ కూచోబెట్టారన్నమాట"
అని నవ్వింది. ఆ నవ్వు
ఏ యూనిట్లలో వెయ్యాలో తెలియలేదు.

నా అద్దెగది గోడ నూటయాభై ఏళ్లనాటి సున్నపు గచ్చు.
రాత్రి వానకి ఒక పెచ్చు ఊడిపడింది.
వంటింట్లోంచి పసుపు తెచ్చి తడిపెచ్చు మీద అద్దాను.
కొత్త సున్నమైతే
దిష్టినీళ్లలా ఎర్రబారాలి.
పసుపు పసుపుగానే ఉంది.

అంటే ఈ గోడ ఇన్నేళ్లూ
చప్పుడు చెయ్యకుండా, ఎవరి గడిలోకీ తొంగిచూడకుండా
బట్టీలో పోగొట్టుకున్న గాలిని
గుక్కగుక్కగా వెనక్కి తాగింది.
అదే గాలి కాదు. ఎవరిదో గాలి.
అడిగి తాగలేదు.
దీనికీ పట్టికలో వరస లేదు,
ఉన్నా రెండు దేశాలూ నాదంటే నాదంటాయి.

తెల్లవారింది. వాన ఆగలేదు.
ప్రెస్కాట్‌కి పంపాల్సిన ఒక్క వాక్యం
"కానీ" దగ్గర ఆగి ఉంది.
కాగితాలు ఎగరకుండా వాటిమీద
ఆ బూడిదరంగు గోళీ.