పదో నంబరు బొంత

తుపాను పాఠం చెప్పేదానికి కావలి నుంచి ఒక పిల్లోడొచ్చాడు.
ఇస్త్రీ మడత చెడకుండా అరగంట మాట్లాడి
తలా ఒక కాగితం చేతిలో పెట్టి పోయినాడు.
సాయంత్రానికి ఆ కాగితాల్లో
మస్తానయ్య శనక్కాయలు పొట్లాలు కట్టి అమ్మేశాడు.
"ఈ తుమ్మలపెంటలో కాగితం నిలవదబ్బా,
గుడ్డయితే నిలుస్తాది" అన్నా.
అట్టా మొదలైంది బొంత.

గుడ్డలకేం కరువు?
దర్జీ జిలానీ కత్తిరింపులు గోతామెడు,
మా ఆయన లుంగీ, ఆయనింకా కట్టుకుంటానే ఉన్నాడనుకో,
ఓట్లప్పుడు పంచిన కండువాలు, ఆ పార్టీది ఈ పార్టీది.
పక్కపక్కనే కుట్టేసినా,
ఒక్క వానకన్నా కలిసి తడవనీ అని.

మొదటి గడిలో టార్చిలైటు.
వెలుగు కుడతా ఉంటే పచ్చ దారం అయిపోయింది,
వెలుగు సగంలో ఆగింది.
చూసినోళ్లంతా
"అచ్చం మా ఇంట్లో దాని మాదిరే ఉండాది" అన్నారు.

పక్కన, కాగితాలు భద్రం.
సంచిలో రేషను కార్డు, ఆధారు, పడవ లైసెన్సు.
వాటి పైన, రెండు సంచుల్లో చుట్టి మూడు ముళ్లేసి
మా ఆయన బీడీకట్ట.
అలిగి ఒక పూట అన్నం తినలా.
రెండో పూట తనే వచ్చి
"అగ్గిపెట్టె మరిచావే" అన్నాడు.
అదీ కుట్టినా.

ఇది కావేరమ్మ మేక.
"గాలి రాకముందే పశువుల తాళ్లు విప్పండి" అన్నాడు గదా,
విప్పిందామె.
మనకంటే ముందు షెల్టరు అరుగెక్కి
సెక్రెటరీ చంకలో హాజరు పుస్తకం లాక్కోని నమిలింది.
దాని మూతి నించి సగం సంతకం వేలాడతా ఉంటాది,
లాగి చూడండి, రాదు.

నట్టనడుమ తుపాను,
నల్ల లంగా చీలికలు చుట్టలు చుట్టలుగా.
ఎక్కడో కూచోని దానికి పేర్లు పెడతారంట,
మేం మా ఆడబిడ్డ పేరు పెట్టుకున్నాం.
చెప్పకుండా వస్తాది, ఉన్నదంతా ఊడ్చుకోని పోతాది.
కంటికి బొత్తాం కావాల్సొచ్చింది,
ఆ తోపులాటలో సెక్రెటరీ చొక్కాది ఊడింది, మెట్ల కాడ దొరికింది.

మెట్లంటే జ్ఞాపకమొచ్చింది.

షెల్టరు గడి కుట్టేప్పుడు నవ్వు రాలా.
ఆ రాత్రి తాళంచెవి కందుకూరులో పెళ్లికి పోయుండాది,
ఎవరి జోబీలోనో, భోజనాల పంక్తిలో.
నెలల పిల్లని చేపల జల్లలో పండబెట్టి
మీద సిలవరు పళ్లెం బోర్లించినాం.
పోలయ్య దగ్గతా దగ్గతా
మూడో మెట్టు మీద దగ్గడం మానేశాడు.
దానికి ఏ రంగు దారమో నాకు తెలవలా.

తలుపు మాత్రం కుట్టినా. తలుపుకి జోబీ, నిజం జోబీ.
అందులో తాళంచెవి, అదీ నిజందే.
ఎట్టా వచ్చిందని అడగబాకండి.
గ్రామసభలో టీలు అందిస్తా ఉంటే
బల్ల మీద పడుండాది,
నా కొంగులో సబ్బుముక్క ఉండాది, అంతే.

మొన్న కార్తీకంలో
కృష్ణపట్నం రేవులో పదో నంబరు ఎగరేశారని ఫోన్లు మోగినాయి.
బొంత నెత్తిన కప్పుకోని ముందు నేను,
నా ఎనక ఊరు, అందరికంటే ముందు మేక.
జోబీలో చెయ్యి పెట్టినా.
తలుపు కిర్రుమంది.

తెల్లారేలోపు అది మనసు మార్చుకోని ఉత్తరంగా పోయింది.
ఆ రాత్రి తడిసిందల్లా బొంత ఒకటే,
దానికి కారణం జల్లలో పిల్ల,
ఇప్పుడు మూడేళ్లది.

పొద్దున సెక్రెటరీ వచ్చాడు.
"తలుపెవరు తీశారు?"
ఎవరూ పలకలా.
పిట్టగోడ మీద బొంత ఆరతా ఉండాది.
దగ్గరికి పోయి టార్చి చూసి, బీడీకట్ట చూసి నవ్వినాడు,
మేకని చూసి నవ్వలా.
తుపాను కాడ ఆగి
బొత్తాం కేసి చాలాసేపు చూసి
మెల్లిగా తన చొక్కా తడుముకున్నాడు.